కూలిపని తీరు – గ్రామసభలో కూలివారి మాట

గ్రామసభకు కూలివారు రారు అను మాట మేము పర్యటించిన ప్రతి మండలములోను వినుచున్నాము. సర్పంచులు చెప్పుదురు, కార్యదర్శులు చెప్పుదురు, కూలివాడలనుండి ఎన్నికైన వార్డు సభ్యులు సైతము ఒక్కొక్కప్పుడు చెప్పుదురు. "వారికి ఊరి వ్యవహారములపై శ్రద్ధ లేదు, వచ్చినను నోరు విప్పరు, ఓట్లనాడు మాత్రమే కనబడుదురు" అని కారణము కూడ జోడింతురు. ఈ కారణముతో మేము ఏకీభవింపజాలము. ఒక మనిషి ఊరి వ్యవహారములలో ఎంతవరకు పాల్గొనునన్నది అతని గుణముకన్న అతని పని తీరుపై ఎక్కువ ఆధారపడియుండును. ఎవరి క్రింద చేయుచున్నాడు? ఎవరితో కలిసి చేయుచున్నాడు? ఏ వేళకు ఇల్లు విడుచుచున్నాడు? కూలి ఎవరి చేతినుండి అందుచున్నది? మన తెలుగు పల్లెలలో ఈ సంగతులు మారినపుడెల్ల కూలివారి రాజకీయము కూడ మారినది. ఆ మార్పులను కొంత వివరముగా పరిశీలించిన గాని గ్రామసభలో ఖాళీగా నున్న చాపల అర్థము బోధపడదు.

కోస్తా జిల్లాలలో పాలేరు, తెలంగాణలో జీతగాడు అని పిలువబడిన మనిషిని పెద్దలు ఎరుగుదురు. ఉగాదికో ఏరువాకకో ఒప్పందము కుదిరెడిది. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యము, పండుగకు పంచె, కాలికి చెప్పులు, మధ్యాహ్నము అన్నము, ఇదియే జీతము. కోడికూతకు ముందే పశువులకు మేత వేయవలెను, పగలు అరక దున్నవలెను, రాత్రి కళ్లము కావలి కాయవలెను. పెండ్లికో చావుకో తెచ్చుకొన్న అప్పు ఆ జీతముతో తీరక మరుసటి యేటికి, ఒక్కొక్కచో తండ్రినుండి కుమారునకు సాగెడిది. తెలంగాణలో అట్లు అప్పునకు కట్టుబడిన జీతగానిని భాగేలా అనిరి.

1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో వయోజనులందరికి ఓటు హక్కు లభించెను. పాలేరుకును లభించెను. కాని అతని ఓటును ఊరివారు ఆ రైతు ఇంటి ఓట్లలోనే లెక్కవేసెడివారు. బ్యాలెట్టు రహస్యమే, పెట్టెలో ఏమి వేసినది ఎవరికిని తెలియదు. అయినను రాత్రి పండుకొనుటకు ఆ యింటి పశువులపాకకే పోవలసిన మనిషికి ఆ రహస్యము ఎంత ధైర్యమునిచ్చునో ఆలోచింపుడు. మరియొక చిక్కు కూడ గలదు. ప్రక్కయింటి పాలేరు ఎన్ని బస్తాలకు కుదిరినాడో ఇతనికి తెలియదు; తెలిసినను ఇద్దరును కలిసి అడుగుటకు తావు లేదు, ఏలయనగా ఇద్దరి యజమానులు వేరు, ఇద్దరి అప్పులు వేరు. ఒంటరిగా కుదిరినవాడు ఒంటరిగానే అడుగవలెను, ఒంటరిగానే ఊరకుండవలెను.

వెట్టి విషయము ఇందుకు భిన్నము. నిజాము సంస్థానములో దేశముఖులకు, వచ్చిపోవు అధికారులకు చాకలివారు, కుమ్మరివారు, మంగలివారు, దళితులు మున్నగువారందరు కూలి లేకుండ ఏదో యొక చాకిరి చేయవలసియుండెను. అది పాలేరుతనముకన్న హీనమైన స్థితియే. కాని ఒక్కొక్కని బాధ అందరి బాధయగుటచేత దానిని గూర్చి అందరును ఒక్కచోట కూడి మాటాడుకొనగలిగిరి. ఆంధ్ర మహాసభ వెట్టిని తన ముఖ్య విషయములలో ఒకటిగా తీసికొన్నది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైన పిదప ఆ కదలిక సాయుధ పోరాటముగా మారి 1951 అక్టోబరు వరకు సాగెను. ఈ లోగా 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1952 ఎన్నికలలో నల్గొండ లోక్‌సభ స్థానమునుండి పోటీచేసిన రావి నారాయణరెడ్డికి దేశమున అభ్యర్థులందరికన్న ఎక్కువ ఓట్లు వచ్చెను. ఏ పక్షము మంచిదని చెప్పుట ఈ పాఠమునకు సంబంధించిన పని కాదు. వెట్టి నుండి విడివడిన ప్రజలు మొదటి అవకాశముననే ఓటును ఎంత ఉత్సాహముతో వినియోగించుకొనిరో గుర్తించిన చాలును.

ఆ జిల్లాలోనే మరియొక సంఘటన జరిగినది. 1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే పోచంపల్లికి వచ్చినపుడు భూమిలేని దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరముల నేల కావలెనని కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెదనని సభలోనే ప్రకటించెను. భూదానోద్యమము అట్లు పుట్టినది. ఈ కథను దాతను తలచుకొనుటకే చెప్పుచుందురు. అడిగినవారిని గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. వారు ఒక్కొక్కరుగా పోయి ఒక్కొక్కరి గుమ్మమున నిలువలేదు. అందరును కలిసి, ఎన్ని ఎకరములో లెక్క వేసికొని, నలుగురి యెదుట అడిగిరి. గ్రామసభలో అర్జీ పెట్టుట అనిన ఇదియే గదా!

వెట్టి చాకిరి చట్టరీత్యా దేశమంతట రద్దయినది 1976లో. అంతకు ముందటి యేడు అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సును ఆ యేడు చట్టముగా చేసిరి. కట్టుబానిస అప్పులన్నియు దానితో చెల్లకుండ పోయినవి. అప్పటికే కాలువల క్రింద రెండు పంటలు పండు ప్రాంతములలో ఏడాది పాలేరుతనము తగ్గి దినకూలి పెరుగుచుండెను. ట్రాక్టరు వచ్చిన పిదప అరకతోపాటు అరక పాలేరు కూడ తగ్గెను. దినకూలివానికి ఏడాది భరోసా లేదు, పని లేని నాడు పొయ్యి వెలుగదు. ఇది నష్టమే. కాని నేడు ఈ రైతు పొలములో, రేపు ఆ రైతు పొలములో పనిచేయువాడు ఎవరి యింటి మనిషియు కాడు. నాట్ల కాలమున ఇరువది మంది స్త్రీలు ఒక్క వరుసలో వంగి నాటువేయునపుడు కూలి రేటు అందరికి ఒక్కటే. దానిని గూర్చి మాటాడుకొనుటకు దినమంతయు సమయము గలదు. అదనులో ఒక ఉదయము గట్టుపైననే కూర్చుండి, రేటు తేలినగాని మడిలో దిగమని చెప్పుట మన ప్రాంతమున అనేక గ్రామములలో జరిగిన సంగతియే. 1948 నాటి కనీస వేతనముల చట్టము కూలివానికి ఒక హక్కునిచ్చెను. గట్టుపై కూర్చుండుట ఆ హక్కును అడుగు అలవాటును నేర్పెను. ఆ చట్టము 2025 నవంబరు 21 నుండి వేతనముల కోడులో కలిసిపోయినది. సభ్యులు ఈ సంగతి ఎరిగియుండుట మంచిది.

ఇప్పుడు గుత్తపని వచ్చినది. దీనిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది, ఏలయనగా నేటి గ్రామసభలు పలుచబడుటకు ఇది పెద్ద కారణమని మా నమ్మకము. ఎకరము నాటుకు ఇంత, కిలో పత్తి తీతకు ఇంత అని రేటు మాటాడుకొని పది పదిహేను మంది ముఠాగా పోవుదురు. తెల్లవారకముందే ఆటోలోనో ట్రాక్టరులోనో బయలుదేరి, పొరుగు మండలమునకు పోయి చీకటిపడిన పిదప తిరిగివత్తురు. కష్టించినకొలది ఆదాయము, తలపై నిలిచి అదలించు రైతు లేడు. స్వగ్రామములోని ఆసామికి మొగము చాటువేయవలసిన పని కూడ తగ్గినది. ఓటు విషయములో గుత్తకూలి ఎవరికిని భయపడడు. పాలేరు కాలముతో పోల్చిన ఇది గొప్ప స్వాతంత్ర్యము.

కాని లెక్క యొకటి చూడుడు. దినకూలికి పోయిన మనిషి ఒక గంట ఆలస్యముగా వచ్చిన ఆ నష్టము రైతుది. గుత్తకు పోయిన మనిషి ఒక పూట మానిన ఆ నష్టము తనది, తన ముఠాది. పది మంది నాటవలసిన ఎకరమును తొమ్మిది మంది నాటవలెను. కనుక గ్రామసభకు పోవుదునని ఒక స్త్రీ అనిన ఆమెను ఆపునది ఆసామి కాదు, అధికారి కాదు, ప్రక్కయింటి చెల్లెలే "అక్కా, నీవు రాకపోతే మాకు ఎట్లు తేలును?" అని ఆపును. ఇంతేకాక ఆ ముఠా దినమంతయు పొరుగూరి పొలములో, పొరుగూరి రైతుతో, పొరుగూరి దారులపై గడుపును. తమ యూరి చెరువు తూము ఎప్పుడు చెడినదో, తమ వీధి కాలువకు ఎంత సొమ్ము మంజూరైనదో వారికి ఎట్లు తెలియవలెను? వారికి స్వేచ్ఛ పెరిగినది గాని ఊరిలో ఉండు వేళ తగ్గినది. వరికోత మిషన్లు వచ్చినపుడు ఊరిలోనే అందరు కలిసి చేయు కోతపనియు, దానితో కళ్లముకాడ నలుగురు కూడు సందర్భమును చాల వరకు పోయినవి.

వలస పోవువారి సంగతి ఇందులో మరింత ముదిరిన రూపము. పాలమూరు కూలి అను పేరు దేశమంతట తెలిసినదే. ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టినది ఆ చేతులే. మేస్త్రీ చేతినుండి ముందుగా సొమ్ము పుచ్చుకొని, పిల్లలను ముసలివారి వద్ద విడిచి, నెలల తరబడి దూర ప్రాంతములలో నుందురు. అట్టి వారికి ఊరితో మిగిలిన రాజకీయ సంబంధము ఓటర్ల జాబితాలోని పేరొక్కటే. పంచాయతీ ఎన్నికలు వచ్చినపుడు, పది ఓట్లతో గెలుపోటములు తేలును గనుక, అభ్యర్థులు పట్టణములకు బస్సులు పంపి వారిని రప్పించుట మనము చూచుచున్నాము. ఓటర్లను ఉచితముగా తరలించుట ఎన్నికల చట్టము దృష్టిలో అక్రమమన్న సంగతి అటుంచుడు. ఓటునకు వచ్చిన బస్సు గ్రామసభకు ఎన్నడును రాదు. రానుపోను ఖర్చు ఇచ్చినవానికి ఓటు, తరువాత అయిదేండ్లు మౌనము: పాలేరు కాలపు బంధమే ఇట్లు వేరొక దారిన తిరిగివచ్చుచున్నదేమోయని మాకు భయము గలుగుచుండును.

ఇంటనే యుండి పనిచేయువారి స్థితి సులభమనుకొనరాదు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలను చూడుడు. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చినది. అయినను చేతిపనియంతయు ఇంటి అరుగులకు చేరినది. ఒక్కొక్క స్త్రీ తన గుమ్మమున తలవంచుకొని చుట్టుచుండును. పని, వంట, పిల్లలు అన్నియు ఒక్కచోటనే. ఊరిలోనే యున్నను ఆమెకు ఖాళీ లేదు. కాని ఆమెకు ఒక వసతి గలదు. చుట్టిన బీడీలు అప్పగించి, ఆకు, తంబాకు తెచ్చుకొనుటకు అందరును ఒక్క కార్ఖానాకు పోవుదురు. బీడీలు బాగులేవని తీసివేసిన తగవు, భవిష్యనిధి లెక్కల తగవు అక్కడనే నలుగురి యెదుట వచ్చును. చెదరిన పనికి కూడ ఒక కూడలి యున్నచో మాట బ్రదుకునని దీనివలన తెలియుచున్నది.

ఆ కూడలి ప్రభుత్వపు పనివలన ఏర్పడిన సందర్భము ఉపాధి హామీ. 2005లో చేసిన చట్టమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించిరి. కుటుంబమునకు ఏడాదికి 100 దినముల పని, స్త్రీపురుషులకు సమానమైన కూలి అని అందరికి తెలిసినదే. మేము చెప్పదలచినది వేరు. వేసవిలో చెరువు పూడిక తీయుటకు ఊరి అన్ని వాడలవారు, చిన్న రైతులతో సహా, ఒక్క చెరువులో దిగిరి. కూలి ఏ ఆసామి చేతినుండియు రాలేదు; తపాలా కార్యాలయమునుండియో బ్యాంకునుండియో వచ్చినది. ఏ పని చేయవలెనో గ్రామసభ నిర్ణయింపవలెనని చట్టము చెప్పినది. అందుచేత గ్రామసభకు పోవుటకు కూలివానికి మొదటిసారిగా తన పొట్టకు సంబంధించిన కారణము దొరకినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు కూడ 2006లోనే ఆరంభమైనవి. కూలి కుటుంబముల యువకులే శిక్షణ పొంది, మస్టరు పట్టుకొని ఇంటింటికి తిరిగి, "నీ పేర ఇన్ని దినములు పని చేసినట్లు వ్రాసియున్నది, నిజమేనా?" అని అడిగిరి. సభలో ఆ లెక్కలను బిగ్గరగా చదివిరి. అధికారి యెదుట ఎన్నడును మాటాడని స్త్రీ లేచి "నేను ఆ వారము పుట్టింట నుంటిని, ఆ కూలి ఎవరు తీసికొనిరి?" అని అడుగుట మేము కన్నులార చూచితిమి. కూలి నెలల తరబడి ఆలస్యమైన చోట్ల సభలు మరల పలుచబడుట కూడ చూచితిమి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టమునకు బదులుగా క్రొత్త చట్టమును చేసినది. అందు 125 దినముల పని యని యున్నది. సేద్యపు అదనులో మొత్తము 60 దినముల వరకు పనులు నిలుపవచ్చునన్న నిబంధనయు గలదు. ఏ దినములలో పని యుండునో, ఏ దినములలో ఉండదో కూలివాడలలో ముందుగా చెప్పించు భారము సభ్యులది.

వేళ యొక్క ప్రాముఖ్యమును నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చక్కగా నిరూపించిరి. అక్షరాస్యతా తరగతులు రాత్రివేళ, పనులు ముగిసిన పిదప జరిగెడివి. చదువునకు వచ్చిన కూలిస్త్రీలు తమ కష్టార్జితము సారాకు పోవుచున్న సంగతిని అక్కడ మాటాడుకొని, 1992లో దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకు దారితీసెను. ఆ తరగతులను పగటివేళ పెట్టియుండిన అక్కడ ఎవరు కూడియుందురు?

మన గ్రామసభలు ఏ వేళ జరుగుచున్నవి? పదునొకండు గంటలకు. ఎందుకు? మండల కేంద్రమునుండి అధికారి రాగల వేళ అది. ఈ తప్పులో మా శాఖకును పాలున్నది. మా ప్రచార కార్యక్రమములను కూడ మా సౌకర్యమును బట్టియే ఏర్పాటు చేసికొనుచుంటిమి. ప్రకటన వాట్సాపులో పెట్టిన చాలుననుకొందురు. ఆ గుంపులో ముఠా స్త్రీల ఫోనులు ఎన్ని యున్నవో ఎవరును చూడరు. ఒక గ్రామమున సభకు వచ్చినవారు తీర్మానమునకు చాలకపోగా, ఆ సాయంకాలము పుస్తకమును ఇంటింటికి పంపి వ్రేలిముద్రలు వేయించుట మా యెదుటనే జరిగినది. వేసినవారిలో ఒక్కరికిని అందులో ఏమి వ్రాసియున్నదో తెలియదు. రాజ్యాంగము 73వ సవరణ గ్రామసభ యనగా ఓటర్ల జాబితాలో నున్నవారందరు అని చెప్పుచున్నది గాని ఆ దినమున ఊరిలో ఖాళీగా నున్నవారు అని చెప్పుట లేదు.

ఇంకొక సంగతి. ఆ సవరణ వలన కూలిస్త్రీలు వార్డు సభ్యులుగా, సర్పంచులుగా ఎన్నికగుచున్నారు. పంచాయతీ సమావేశము పగటివేళ పెట్టిన ఆ సభ్యురాలు ఒక దినపు కూలి పోగొట్టుకొని రావలెను, లేదా భర్తను పంపవలెను. భర్తను పంపినపుడు ఆమెను నిందించువారు పెక్కుమంది గలరు. సమావేశపు వేళను మార్చుదమని తీర్మానము ప్రతిపాదించినవారిని మేము అరుదుగా చూచితిమి.

అట్టి అరుదైన గ్రామమొకటి చెప్పెదము. అక్కడి సర్పంచి ముందుగా ముఠా మేస్త్రీలను పిలిచి ఏ దినము పని తక్కువో కనుగొనెను. అమావాస్యనాడు వారు నాట్లకు పోరని తెలిసి, ఆ రాత్రి ఏడున్నరకు బడి ఆవరణలో సభ పెట్టించి, రెండు రోజుల ముందు ఆటోలు నిలుచు చోటనే దండోరా వేయించెను. అధికారులు కొంత సణిగిరి గాని వచ్చిరి. మొదటి అరగంట పాతవారే మాటాడిరి. తరువాత దళితవాడ స్త్రీ యొకతె లేచి, "మా కుళాయికి నీరు ఏడు గంటలకు వదలుచున్నారు, మేము అయిదున్నరకే ఆటో ఎక్కుచున్నాము, ఆ నీరు ఎవరి కొరకు?" అని అడిగెను. సభలో ఎవరును బదులు చెప్పలేదు. నీరు అందుచున్నదని అంతకు ముందు నాలుగు సభలలో తీర్మాన పుస్తకమున వ్రాసియుండిరి. మరునాటినుండి నీటి పంపు కాపరి నాలుగున్నరకే నీరు వదలుటకు ఒప్పుకొనెను. దానికి పంచాయతీకి ఖర్చేమియు కాలేదు. అంగన్‌వాడీని కూడ పనికి పోవు వేళకు తెరువవలెనని వారు కోరిరి. అది పంచాయతీ చేతిలోని పని కాదు గనుక తీర్మానము చేసి పై కార్యాలయమునకు పంపిరి. మేము ఇది వ్రాయు నాటికి బదులు రాలేదు. వచ్చు అమావాస్య సభలో ఆ స్త్రీలు దానిని గూర్చి మరల అడిగెదమని చెప్పియున్నారు.